చర్చి రంగు గాజు కిటికీలు: చదవడం, నమోదు చేయడం, కాపాడుకోవడం (సమగ్ర మార్గదర్శి)

పూజకు వచ్చిన ప్రతిసారీ చూస్తూనే ఉంటాం. కానీ విచారణ (పారిష్) చర్చిలోని రంగు గాజు కిటికీల్లో ఎవరున్నారు, ఎవరు చేశారు, ఎవరు ఇచ్చారు అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటారు. ఈలోగా జూబిలీ వస్తుంది. కిటికీలు తళతళలాడాలని ఎవరో మంచి మనసుతోనే సబ్బు నీళ్లు, పీచు పట్టుకుని నిచ్చెన ఎక్కుతారు. తరాలుగా గాజు మీద నిలిచిన పునీతురాలి (సెయింట్) ముఖం ఆ ఒక్క మధ్యాహ్నంలో బకెట్లోకి దిగిపోతుంది. అలా పోయిన ముఖం తిరిగి రాదు.

అందుకే ముందు కిటికీని చదవాలి, చదివింది రాసిపెట్టాలి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి. ఈ మార్గదర్శి అదే వరుసలో సాగుతుంది. విచారణ సభ్యులు, యువత, ఉపదేశులు, గురువులు (ఫాదర్లు) ఎవరైనా ఈ పని మొదలుపెట్టవచ్చు. మొదటి ఐదు మెట్లకు కావలసినవి ఒక నోటు పుస్తకం, ఒక కెమెరా, ఒక దుర్భిణి, కొంత ఓపిక మాత్రమే.

1. కిటికీ దేంతో తయారైందో తెలుసుకోండి

గాజు మీద రంగులు వేసిన బొమ్మ అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ వంటి రంగులు గాజు కరిగి ఉన్నప్పుడే అందులో కలిసినవి. కోబాల్టు నీలాన్ని, మాంగనీసు ఊదా రంగును, ఇనుము పచ్చదనాన్ని, బంగారం గులాబీ ఛాయను ఇస్తాయి. ఎరుపుకు ఎక్కువగా రాగి వాడారు. రాగి ఎరుపు ఎంత చిక్కనిదంటే, పలక మందమంతా అదే గాజుతో చేస్తే వెలుగు దాటదు, నల్లగా కనిపిస్తుంది. అందుకని తెల్లగాజు మీద పలుచని ఎర్ర పొర ఎక్కిస్తారు. విరిగిన ఎర్ర ముక్క దొరికితే దాని అంచును పక్క నుంచి చూడండి: మందమంతా దాదాపు రంగులేని గాజే, ఒక వైపు మాత్రం సన్నని ఎర్ర గీత. ఆ పొరను అక్కడక్కడా గీకేసి, ఎర్రని వస్త్రం మీద తెల్లని పూలు తీసేవారు.

ఇక ముఖాలు, చేతివేళ్లు, వస్త్రాల మడతలు, అక్షరాలు వేరే పద్ధతిలో వస్తాయి. మెత్తగా నూరిన గాజుపొడిని ఇనుము లేదా రాగి ఆక్సైడుతో కలిపి, బంక నీళ్లో వెనిగరో చేర్చి, ముదురు గోధుమ లేక నలుపు రంగు తయారుచేస్తారు. దాంతో గీసి, సుమారు 600 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొలిమిలో కాలిస్తే ఆ గీత గాజుకు అతుక్కుంటుంది. కాల్పు సరిగ్గా కుదిరితే శతాబ్దాలు నిలుస్తుంది. కుదరకపోతే తడిగుడ్డకే ఊడి వస్తుంది. కింద నిలబడి చూసే వాళ్లకు ఈ రెండింటి తేడా తెలియదు. కిటికీని కడగవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ఒక ముఖాన్ని దగ్గరగా చూసే అవకాశం వస్తే వదులుకోకండి. కనుబొమ్మ, ముక్కు అంచు, పెదవుల మధ్య గీత ఒక్క కుంచె విసురుతో వేసి ఉంటాయి. మొదట చిక్కగా, చివర సన్నగా. వాటిపైన చెంపల నీడ కోసం పలుచని పూత ఉంటుంది. ఆ పూత ఆరాక, కాల్చకముందు, గట్టి వెంట్రుకల కుంచెతోనో పుల్ల మొనతోనో తుడిచి వెలుగును బయటికి తీస్తారు. నుదుటి మీద మెరుపు, కంట్లో చుక్క, గడ్డంలో ఒక్కొక్క వెంట్రుక రంగు పూస్తే వచ్చినవి కావు, తీసేస్తే వచ్చినవి. ముప్పై అడుగుల ఎత్తులో ఎవరికీ కనిపించదని తెలిసీ కంటి మూలలో సన్నని ముడతలు గీసిన చేతివాటం చూస్తే ఆ పనివాడి భక్తి ఎంతటిదో అర్థమవుతుంది.

పసుపు సంగతి వేరు. వెండి లవణాన్ని సాధారణంగా గాజుకు బయటి వైపు పూసి కాలిస్తే వెండి గాజులోకే ఇంకి, నిమ్మపండు రంగు నుంచి తేనె రంగు దాకా ఛాయలు ఇస్తుంది. ఐరోపా కిటికీల్లో ఇది 14వ శతాబ్దం మొదట్లో వ్యాపించింది. అంతకుముందు జుట్టుకు ఒక ముక్క, కిరీటానికి ఒక ముక్క కోసి సీసంతో అతకాల్సి వచ్చేది. ఆ తర్వాత ఒకే తెల్లగాజు ముక్క మీద ముఖమూ, బంగారు జుట్టూ, కిరీటమూ కలిసి వచ్చాయి.

ఈ ముక్కలన్నిటినీ పట్టి ఉంచేది సీసం పట్టీ. దానికి రెండు వైపులా గాడి ఉంటుంది, గాజు అంచు అందులో కూర్చుంటుంది. పట్టీలు కలిసే చోట టంకం. గాడిలో మిగిలిన సందులోకి అవిసెనూనె, సుద్దపొడి, మసి కలిపిన పుట్టీ దట్టిస్తారు. వాన నీటిని ఆపేదీ, పలకకు బిగువు ఇచ్చేదీ ఆ పుట్టీయే. వెనక అడ్డంగా ఇనుప కడ్డీలు, వాటికి పలకను కట్టే రాగి తీగలు. గాజు, పూత, సీసం, టంకం, పుట్టీ, కడ్డీ, తీగ, రాతి చట్రం: వీటిలో ఏ ఒక్కటి చెడ్డా మిగతావాటి మీద భారం పడుతుంది.

2. ప్రతి కిటికీకీ ఒక సంఖ్య ఇవ్వండి

"ఎడమ వైపు మూడోది" అని రాస్తే, రాసినవాడు ఎటు తిరిగి నిలబడ్డాడో పదేళ్ల తర్వాత ఎవరికీ తెలియదు. చర్చి నేల పటం ఒకటి గీసి కిటికీలన్నిటినీ గుర్తించండి. మధ్యయుగ గాజును నమోదు చేసే అంతర్జాతీయ పథకం కార్పుస్ విట్రేఆరుం 1952 నుంచి సాగుతోంది. అందులో వాడుకలో ఉన్న పద్ధతి చిన్న చర్చికీ చక్కగా సరిపోతుంది: బలిపీఠం వెనుక నడిమి కిటికీతో లెక్క మొదలుపెట్టి, అక్కడి నుంచి ఉత్తరం వైపువి, దక్షిణం వైపువి విడివిడిగా లెక్కించడం. ఒక కిటికీలోని పలకలకు అడ్డువరుసలు కింది నుంచి పైకి 1, 2, 3. నిలువు వరుసలు ఎడమ నుంచి కుడికి క, ఖ, గ. అప్పుడు "ఉత్తరం 3, పలక 2ఖ" అంటే ప్రపంచంలో ఒకే చోటు.

చర్చి నిజంగా తూర్పుకు తిరిగి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు బలిపీఠం ఉన్న వైపునే తూర్పు అనుకుని లెక్కించి, ఆ మాట పటం మీద స్పష్టంగా రాయండి.

3. వెలుగు చూసి ఫోటోలు తీయండి

ఎండ నేరుగా పడే వేళ కిటికీ కంటికి ఇంపుగా ఉంటుంది, కెమెరాకు మాత్రం శత్రువు. తెల్లగాజు మండిపోయినట్టు, ముదురు నీలం నల్లగా పడుతుంది. మబ్బు పట్టిన పగలు మంచిది. లోపలి దీపాలన్నీ ఆర్పండి. ఫ్లాష్ వాడవద్దు, అది గాజు మీద తిరిగి మెరుస్తుంది తప్ప గాజును దాటి వచ్చే వెలుగును పట్టదు. ముక్కాలి పీట మీద కెమెరా పెట్టి, ఒకే కోణంలో మూడు వెలుగుల్లో తీయండి: ఒకటి తెల్లగాజు చెదరకుండా, ఒకటి మధ్యస్థంగా, ఒకటి నీలం, ఊదా విప్పారేలా. వీలైనంత ఎదురుగా, కిటికీ మధ్యభాగం ఎత్తుకు చేరువగా నిలబడండి. ఎదుటి వైపు పాటబృందం మేడ ఉంటే అక్కడి నుంచి దూరపు లెన్సుతో తీస్తే గీతలు వంకర పోవు.

ప్రతి కిటికీకి మొత్తం బొమ్మ ఒకటి, ఒక్కో పలక ఒకటి, ముఖాలు, అక్షరాలు, అడుగు మూలలు దగ్గరగా మరికొన్ని తీయండి. ఆ తర్వాత చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. బయటికి వెళ్లి అదే కిటికీని బయటి నుంచి తీయండి. అక్కడ రంగులు ఉండవు, నల్లని గాజు మాత్రమే. కానీ సీసం పగుళ్లు, ఊడిన పుట్టీ, తెగిన తీగలు, ఉబ్బు అన్నీ బయటి నుంచే బాగా తెలుస్తాయి.

ఫైలు పేరులోనే కిటికీ సంఖ్య, పలక సంఖ్య, తేదీ పెట్టండి.

4. బొమ్మను చదవండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇదే. తొందరపడకుండా దుర్భిణి పట్టుకుని కూర్చోవాలి.

మొదట చేతుల్లో ఏముందో చూడండి, ముఖం తర్వాత. గడ్డం, తెల్లజుట్టు చాలామందికి ఉంటాయి. తాళపుచెవులు ఉంటే పేతురు. కత్తీ గ్రంథమూ ఉంటే పౌలు. గడ్డంలేని యువకుడి చేతిలో పాత్ర, అందులోంచి తల ఎత్తిన పాము ఉంటే యోహాను. వాలుగా దాటిన రెండు దూలాల సిలువ అంద్రెయది. ఆల్చిప్ప, యాత్రికుడి చేతికర్ర పెద్ద యాకోబువి. చర్మం ఒలిచే కత్తి బర్తొలొమయిది. ఇనుప జల్లెడ మంచం లారెన్సుది, బాణాలు సెబస్తియానువి, పళ్లచక్రం అలెగ్జాండ్రియా కేథరినుది, పళ్లెంలో కళ్లు లూసియావి, గొర్రెపిల్ల ఆగ్నెసుది. లిల్లీ పువ్వు దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అది జోజప్ప చేతిలోనూ ఉంటుంది, పాదువా అంతోని చేతిలోనూ ఉంటుంది, మంగళవార్త దృశ్యంలో గాబ్రియేలు దూత దగ్గరా ఉంటుంది. పక్కన వడ్రంగి మూలమట్టం ఉంటే జోజప్ప. సన్యాసి అంగీ, చేతుల్లో బాలయేసు ఉంటే అంతోని. గులాబీలతో కప్పిన సిలువను గుండెకు హత్తుకున్న కార్మెల్ మఠకన్య చిన్న తెరేజమ్మ.

నాలుగు ప్రాణులు కనిపిస్తే అవి నలుగురు సువార్తికులు: రెక్కల మనిషి మత్తయి, సింహం మార్కు, ఎద్దు లూకా, గరుడపక్షి యోహాను. నాలుగింటికీ సాధారణంగా రెక్కలుంటాయి. సింహానికి రెక్కలు లేకుండా, పక్కన ఎర్రని కార్డినల్ వస్త్రాల్లో పుస్తకం చదివే ముసలాయన ఉంటే ఆయన జెరోము.

తర్వాత జతలు వెతకండి. మధ్యయుగం నుంచి ఈ కళలో ఒక అలవాటు ఉంది: పాతనిబంధన ఘటనను కొత్తనిబంధన ఘటన పక్కన పెట్టడం. కట్టెలు మోసే ఇస్సాకు ఎదురుగా సిలువ మోసే యేసు. చేప నోటి నుంచి వచ్చే యోనా ఎదురుగా సమాధి నుంచి లేచే ప్రభువు. ఎడారిలో ఎత్తిన కంచుసర్పం ఎదురుగా కల్వరి. ఫ్రాన్సులోని షార్త్ర్ కతెడ్రల్ దక్షిణ భాగంలో నలుగురు ప్రవక్తలు నలుగురు సువార్తికులను భుజాల మీద ఎక్కించుకుని నిలబడతారు. యెషయా మీద మత్తయి, యిర్మీయా మీద లూకా, యెహెజ్కేలు మీద యోహాను, దానియేలు మీద మార్కు. రెండు నిబంధనల సంబంధం మీద ఎంత పెద్ద ఉపన్యాసమైనా ఇంత సూటిగా చెప్పలేదు. మీ చర్చిలో ఉత్తరం వైపు పాతనిబంధన, దక్షిణం వైపు కొత్తనిబంధన ఉన్నాయేమో చూడండి. చాలా చోట్ల అలా అమర్చారు, అన్ని చోట్లా కాదు.

ఒకే కిటికీలో చాలా చిన్న దృశ్యాలుంటే చదివే దిశ తెలుసుకోవాలి. మధ్యయుగపు కిటికీలు ఎక్కువగా అడుగు నుంచి మొదలై పైకి పోతాయి. పుట్టుక కింద, మహిమ పైన. 19వ శతాబ్దం తర్వాతివి మాత్రం ఒక్కో కిటికీలో ఒకే పెద్ద దృశ్యం పెట్టి, కథను గోడ పొడవునా ఒక కిటికీ నుంచి మరో కిటికీకి నడిపిస్తాయి. జపమాల రహస్యాలు పదిహేను కిటికీలుగా ఉన్నాయంటే ఆ వరుసను 2002కు ముందు రూపొందించారని అనుకోవచ్చు. వెలుగు రహస్యాలను పోపు రెండో జాన్ పాల్ చేర్చింది ఆ ఏడాదే.

పైభాగంలోని చిన్న రంధ్రాల్లో, అంచుపట్టీల్లో ఏముందో కూడా రాయండి. తన రక్తంతో పిల్లలను పోషించే పెలికాన్ పక్షి, ద్రాక్ష, గోధుమ కంకులు కనిపిస్తే అవి దివ్యసత్ప్రసాదానికి గుర్తులు. అవి ఉన్న కిటికీ తరచూ బలిపీఠానికి దగ్గరలోనే ఉంటుంది.

గుర్తు పట్టలేని బొమ్మ దగ్గర "గుర్తు తెలియని పునీతుడు, ఎడమచేతిలో గోపురం" అని కనిపించిందే రాయండి. ఊహించి పేరు పెడితే ఆ పేరే రికార్డుల్లో పాతుకుపోతుంది.

5. అక్షరాలు, కాలం, కార్ఖానా

అడుగు పలకలోని రాత మొత్తం ఉన్నది ఉన్నట్టుగా, అక్షరదోషాలతో సహా ఎక్కించుకోండి. పాత విచారణల్లో ఎక్కువగా కనిపించేది లాటిన్. "ఒరాతే ప్రో ఆనిమా" అని మొదలైతే, ఫలానావారి ఆత్మ కొరకు ప్రార్థించండి అని అర్థం. అంటే ఆ కిటికీ ఒక మృతుడి జ్ఞాపకం. ఆ పేరును విచారణలోని మృతుల పుస్తకంతో, వివాహాల పుస్తకంతో పోల్చి చూడండి. దాతలు ఎప్పుడూ సంపన్నులే కానక్కరలేదు. షార్త్ర్‌లో 13వ శతాబ్దపు కిటికీల అడుగున చెప్పులు కుట్టేవారు, రొట్టెలు కాల్చేవారు, నీళ్లు మోసేవారు తమ తమ పనుల్లో మునిగి కనిపిస్తారు.

తేదీ లేకపోతే బొమ్మలోనే ఆధారం దొరకవచ్చు. శ్రీసభ (కతోలిక సంఘం) ఎవరిని ఎప్పుడు పునీతులుగా ప్రకటించిందో తెలుసు కాబట్టి, తలచుట్టూ పూర్తి తేజోవలయం, కింద "పునీత" అనే మాట ఉంటే కిటికీ ఆ ఏడాదికి ముందుది అయ్యే అవకాశం తక్కువ. జోన్ ఆఫ్ ఆర్క్, మార్గరెట్ మేరీ అలకోక్ ఇద్దరూ 1920లో, చిన్న తెరేజమ్మ 1925లో, బెర్నదెత్త 1933లో, డాన్ బోస్కో 1934లో, మరియా గొరెట్టి 1950లో పునీతులయ్యారు. లూర్దుమాత కిటికీ ఉంటే మోకాళ్ల మీద ఉన్న అమ్మాయి, అంటే బెర్నదెత్త, తల చుట్టూ చూడండి. లూర్దు దర్శనాలు 1858 నాటివి కనుక కిటికీ ఆ తర్వాతిది. బెర్నదెత్త తలకు వలయం లేకపోతే 1933కు ముందుది కావచ్చు. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. ఖాతా పుస్తకం, పాత ఉత్తరాలు, ప్రతిష్ఠ నాటి ఫోటోలు రుజువు ఇస్తాయి. ఒక మాట గుర్తుంచుకోండి, చర్చి కట్టిన ఏడాది కిటికీ ఏడాది కాదు. చాలా చోట్ల మొదట మామూలు గాజు పెట్టి, డబ్బు సమకూరే కొద్దీ ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చారు.

కార్ఖానా పేరు ఉంటే ఎక్కువగా అడుగున కుడి మూలలో, చిన్న అక్షరాల్లో, ఒక్కోసారి చట్రం చాటున ఉంటుంది. పేరు లేకపోయినా శైలి మాట్లాడుతుంది. లోతైన దృశ్యం, నిజమైన మనుషుల్లాంటి ముఖాలు, పట్టువస్త్రాల మెరుపు, పైన గోపురాల అలంకారం ఉంటే జర్మనీలోని మ్యూనిక్ శైలి కావచ్చు. ఫ్రాంజ్ మేయర్ సంస్థ 1847లో, ఎఫ్.ఎక్స్. జెట్లర్ సంస్థ 1870లో అక్కడ మొదలై, 1939లో ఒకటయ్యాయి. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌లోని టిరోల్ గాజుచిత్ర సంస్థ 1861 నాటిది. ఈ సంస్థల కిటికీలు ఓడలెక్కి ఎన్నో దేశాల కతోలిక చర్చిలకు చేరాయి. పాలమీగడలా మబ్బు కమ్మిన గాజు, వస్త్రం మడత గాజు మందంలోనే ఉండటం కనిపిస్తే అది అమెరికాలో జాన్ లాఫార్జ్ 1880లో పేటెంటు పొందిన పద్ధతి వారసత్వం. అంగుళం మందం గాజు దిమ్మెలను చెక్కి, సీసం లేకుండా కాంక్రీటులోనో ఎపాక్సీలోనో పొదిగి ఉంటే 20వ శతాబ్దం నడిమి కాలపు పని. ఇది ప్రత్యేకంగా గుర్తించండి, ఎందుకంటే ఈ రకానికి కింద చెప్పే సీసం మరమ్మతు వర్తించదు. దీని జబ్బు వేరు: దిమ్మెల చుట్టూ ఉన్న పదార్థం పగిలి నీరు దిగడం.

6. ఆరోగ్యం పరీక్షించండి

ఇప్పటికీ చెయ్యి వేయవద్దు. నేల మీద నుంచి, దుర్భిణితో చూడండి.

పలక ఉబ్బిందా అనేది మొదటి ప్రశ్న. బయట గోడ పక్కన నిలబడి వాలుగా చూస్తే పొట్ట తెలుస్తుంది. అందే ఎత్తులో ఉంటే తిన్నని కర్రను పలకకు తగలకుండా చట్రం మీద అడ్డంగా ఆనించి దూరం కొలవండి. పాత కిటికీలో కాస్త వంపు సహజం. ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు దాటితే గాజు పగిలే దశకు వచ్చినట్టే, నిపుణుడిని పిలవండి. ఈసారి కొలిచింది రాసిపెడితే రాబోయే ఏళ్లలో పెరుగుతోందో ఆగిందో తెలుస్తుంది. ఆగిన ఉబ్బు కన్నా పెరిగే ఉబ్బు ప్రమాదం.

సీసం పగుళ్లు ఎక్కువగా టంకం అతుకుల పక్కనే వస్తాయి. ఎండకు సాగి, చలికి ముడుచుకుని సీసం అలసిపోతుంది. గట్టిగా ఉండే అతుకు పక్కన విరుగుతుంది. గాలి వీచినప్పుడు పలక గలగలమంటే పుట్టీ పోయిందని అర్థం. రాగి తీగ తెగితే పలక కడ్డీ నుంచి వేరుపడి తన బరువు తానే మోస్తుంటుంది. కడ్డీ తుప్పు పడితే ఉబ్బి, అది దిగిన రాతిని లోపలి నుంచి చీలుస్తుంది. రాయి పగులు చూసి సున్నం పూయించే ముందు లోపల ఇనుము ఉందేమో చూడండి.

పూత సంగతి ముఖాల మీద తెలుస్తుంది. కళ్లు, నోరు అరిగి తెల్లగా మిగిలిన ముఖాలు, పొలుసులుగా లేచిన గీతలు, పొడిలా రాలిన నీడలు ఏ పలకలో ఉన్నాయో రాయండి. లోపలి వైపు నీరు చెమ్మగిల్లి కిందికి కారుతున్నట్టయితే అది పూతకు పెద్ద శత్రువు. అడుగున నీరు బయటికి పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని దుమ్ముతోనో రంగుతోనో మూసేసి ఉంటారు.

వీటిని నేల పటం మీద మూడు రంగుల్లో గుర్తించండి: వెంటనే, త్వరలో, చూస్తూ ఉండాలి. పడిపోయేలా వదులైన గాజు కింద కుర్చీలుంటే మొదటి పని వాటిని జరపడం.

7. విచారణ చేయగలిగింది, చేయకూడనిది

చేయగలిగింది కిటికీ చుట్టూ ఉంది. గోడ ఎక్కే తీగలు తీసేయండి. పైకప్పు నీరు కిటికీ మీద పడకుండా గొట్టాలు బాగు చేయించండి. తోటలో నీళ్లు చిమ్మే గొట్టం దిశ మార్చండి. కిటికీకి నిచ్చెన ఆనించకండి, పండుగ తోరణాలు సీసానికీ కడ్డీలకూ కట్టకండి. కొవ్వొత్తుల అర మసి తగలనంత దూరంలో ఉంచండి. తెరుచుకునే చిన్న రెక్క ఉంటే దాన్ని లాగేటప్పుడు గాజు పట్టుకోకుండా పిడి పట్టుకోమని గంట కొట్టే అన్నకు, ఊడ్చే అక్కకు చెప్పండి.

చేయకూడనివి: బజారులో దొరికే గాజు తుడిచే ద్రవాలు, అమోనియా, ఆమ్లం, వెనిగరు, స్టీలు పీచు, బ్లేడు, నలిపిన వార్తాపత్రిక, నీటిని జోరుగా చిమ్మే యంత్రం. సాలీడు గూళ్లయినా పూత ఉన్న పలక మీద చీపురుతో లాగవద్దు. పూత ఎంత తట్టుకుంటుందో పరీక్షించాక, నిపుణులు ఖనిజాలు తీసిన నీటిని దూది పుల్లకు అద్ది అంగుళం అంగుళంగా శుభ్రం చేస్తారు. పూత కదులుతుందని తేలిన ముక్కను వాళ్లు కూడా తాకకుండా వదిలేస్తారు. సీసం విషం. రాలిన సీసం పొడి ఉన్న చోట పని చేస్తే చేతి తొడుగులు వేసుకోవాలి, తినేముందు చేతులు కడగాలి, పిల్లలను రానివ్వకూడదు.

గాజు పగిలిందనుకోండి. ముందు ఫోటో. తర్వాత తొడుగులు వేసుకుని లోపలా బయటా పడిన ప్రతి ముక్కా, గోరంత చిన్నదైనా ఏరండి. పలక సంఖ్య రాసిన పెట్టెలో మెత్తని కాగితం మధ్య పెట్టండి. ఖాళీని బయటి నుంచి చట్రానికి బిగించిన పలకతో మూయండి. పూత మీద అంటుకునే టేపు వేయవద్దు, తీసేటప్పుడు ముఖం దాంతోపాటే వస్తుంది. ఏరిన ముక్కలుంటే నిపుణుడు అంచులు కలిపి అతికించగలడు. ముక్కలు చెత్తలోకి పోతే అసలు పోయినట్టే.

8. బయట రెండో గాజు వేయాలా?

రాళ్ల దెబ్బ, గాలివాన భయంతో చాలా చర్చిలు బయట ప్లాస్టిక్ పలకో గాజో బిగించాయి. ఆలోచన మంచిదే, అమరికలోనే చిక్కు. గాలి ఆడకుండా మూసేస్తే రెండు పొరల మధ్య వేడి పెరుగుతుంది, తేమ పేరుకుంటుంది, సీసం త్వరగా వాలుతుంది. ప్లాస్టిక్ కొన్నేళ్లకు పసుపెక్కి మసకబారి, లోపలి నీలాన్ని చంపేస్తుంది. ఇప్పటికే ఉంటే పైనా కిందా గాలి రంధ్రాలు, పురుగులు రాకుండా వల ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పెట్టించండి. చాలా విలువైన గాజుకు నిపుణులు వేరే పద్ధతి వాడతారు: అసలు కిటికీని కాస్త లోపలికి జరిపి, దాని పాత చోట్లో కొత్త రక్షణ గాజు పెట్టి, మధ్యలో చర్చి లోపలి గాలి తిరిగేలా చేయడం. అప్పుడు పాత గాజుకు వాన తగలదు, చెమ్మ పట్టదు.

9. అనుమతి, ఆపై నిపుణుడు

కతోలిక చర్చిలో కిటికీ విచారణ సొంత ఇష్టం కాదు. శ్రీసభ చట్టంలోని 1189వ నియమం ప్రకారం, భక్తుల ఆరాధనకై ఉంచిన పటాలూ స్వరూపాలూ ప్రాచీనతలోనో కళలోనో భక్తిలోనో విలువైనవైతే, మేత్రాణులు (బిషప్) వంటి అధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా బాగు చేయించకూడదు. ఆయన కూడా నిపుణులను సంప్రదించాకే అనుమతి ఇవ్వాలి. పునీతుల బొమ్మలున్న పాత కిటికీ విషయంలో ఈ దారిలోనే వెళ్లండి. భవనం ప్రభుత్వ రక్షణలో ఉంటే ఆ అనుమతి వేరు. మీరు తయారు చేసిన పటం, ఫోటోలు, కొలతలు ఇక్కడ అక్కరకొస్తాయి. మేత్రాసనంలో (బిషప్ కార్యాలయంలో) ఉత్త విన్నపం కన్నా వీటికి విలువ ఎక్కువ.

నిపుణుడిని ఎంచుకునేటప్పుడు కొత్త కిటికీలు చేసేవారికీ, పాతవి కాపాడేవారికీ తేడా ఉంటుందని గుర్తుంచుకోండి. ఇంతకుముందు బాగుచేసిన పాత కిటికీలు చూపించమనండి, ఆ విచారణవారితో మాట్లాడండి. కనీసం ఇద్దరి అభిప్రాయం తీసుకోండి. చూడగానే "అంతా విప్పి సీసం మార్చాలి" అనేవారిని కారణం అడగండి. మంచి సీసం వందేళ్లు దాటి నిలుస్తుంది. వయసు ఒక్కటే విప్పడానికి కారణం కాదు. కొన్నిసార్లు తీగలు కట్టి, పుట్టీ దట్టించి, నాలుగు అతుకులు వేస్తే మరో తరం నడుస్తుంది.

ఒప్పందంలో ఇవి రాయించుకోండి. విప్పకముందు ఫోటోలతో పాటు ప్రతి పలక మీద కాగితం పరిచి సీసం గీతల అచ్చు తీయాలి, అది లేకుండా తిరిగి కూర్చితే పాత అమరిక పోతుంది. పగిలినా సరే పాత గాజు పారేయకూడదు. తప్పక కొత్త ముక్క వేస్తే దాని మూలలో సంవత్సరం చిన్నగా రాయాలి. పాత పూత మీద కొత్త పూత వేసి మళ్లీ కాల్చకూడదు. పోయిన గీత చూపించాలంటే వెనక వేరే పలుచని గాజు మీద గీసి జత చేయవచ్చు, రేపు తీసేయడానికి వీలుంటుంది. పలకలను మోసేటప్పుడు, దాచేటప్పుడు నిలువుగానే ఉంచాలి. పని ముగిశాక పూర్తి నివేదిక విచారణకు ఇవ్వాలి.

10. రాసినదాన్ని భద్రపరచండి

శ్రీసభ చట్టం 1283వ నియమం చర్చి ఆస్తులకు, విలువైన, సాంస్కృతిక ప్రాధాన్యమున్న వస్తువులకు వివరమైన జాబితా ఉండాలంటుంది. ఒక ప్రతి విచారణలో, ఒకటి మేత్రాసనంలో ఉండాలి. మీ కిటికీల పుస్తకాన్ని ఆ జాబితాకు జతచేయండి. ప్రతి కిటికీకి ఒక పుట చాలు: సంఖ్య, కొలతలు, విషయం, రాత, దాత, కార్ఖానా, కాలం, ఆధారం ఎక్కడిది, ఆరోగ్యం, ఇప్పటిదాకా జరిగిన మరమ్మతులు. పెద్దలు చెప్పిన మాట రాస్తే "ఫలానా పెద్దాయన జ్ఞాపకం" అని విడిగా గుర్తించండి, పత్రంలో ఉన్నదాంతో కలిపేయకండి. డిజిటల్ ఫోటోలు రెండు చోట్ల ఉంచి, ముఖ్యమైనవి కాగితం మీద కూడా అచ్చు వేయించండి.

ఏడాదికి ఒకసారి, వానలు వెలిశాక, అదే పటం పట్టుకుని చుట్టూ తిరిగి చూడండి. ఐదేళ్లకు ఒకసారి అదే చోట నిలబడి, అదే లెన్సుతో మళ్లీ ఫోటోలు తీసి పాతవాటి పక్కన పెట్టండి. విచారణకర్తలు మారినప్పుడు బాధ్యతల అప్పగింతలో బాప్తిస్మ పుస్తకం, వివాహ పుస్తకంతో పాటు కిటికీల పుస్తకం కూడా చేతికిచ్చి, సంతకం తీసుకోండి.